ఏడో పాఠకురాలు

గ్రంథాలయం నుంచి వచ్చిన కవరు మీద "కీ.శే. దంగేటి కాంతామణి గారి వారసులకు" అని ఉంది. వారసులు అనగానే ఎవరికైనా మేడలూ మాన్యాలూ గుర్తొస్తాయి. అచ్యుతానికి నవ్వొచ్చింది. కాంతామణి వదిలి వెళ్ళినవి రెండు కళ్ళజోళ్ళు, ఒక ఆవకాయ జాడీ, అచ్యుతం.

లోపల ఉత్తరం చిన్నదే. గ్రంథాలయ వెబ్‌సైటు పరీక్షలో వాడుతున్న ఏడవ ఛాయాపాఠకురాలు సరిగా పనిచేయనందున రాబోయే శుక్రవారం పన్నెండు గంటలకు తొలగించదలిచామనీ, అభ్యంతరం ఉన్నచో స్వయంగా వచ్చి చెప్పుకోవచ్చుననీ రాశారు.

అచ్యుతం రెండుసార్లు చదివాడు. నాలుగేళ్ళ కిందట కాంతామణి వరసగా ఆరు శనివారాలు కాకినాడ పౌర గ్రంథాలయానికి వెళ్ళడం అతనికి జ్ఞాపకమే. వెబ్‌సైటు వాడి చూపించే పని అంది. మామూలు జనానికి అది అర్థమవుతుందో లేదో చూస్తారట. "పెసరట్టుప్మా పెడుతున్నారండీ, అందుకే వెళ్తున్నా" అని నవ్వేది. ఆవిడ పోయి ఏడాదిన్నర అయింది. ఇప్పుడు ఆవిడలో ఏం మిగిలిందని తొలగిస్తారు?

మంగళవారం పొద్దున్నే వెళ్ళాడు.

పరీక్షశాల గ్రంథాలయం పై అంతస్తులో ఉంది. చెప్పులు విప్పాలో వద్దో తేల్చుకోలేక గుమ్మంలో నిలబడ్డ అచ్యుతాన్ని చూసి, పాతికేళ్ళ అమ్మాయి ఒకతె లేచి వచ్చింది.

"చెప్పులతో వచ్చేయండి బాబాయ్ గారూ. నా పేరు నస్రీన్. మీరు కాంతామణి ఆంటీ గారి..."

"ఆయ్. ఆవిడ తాలూకే."

ఆ అమ్మాయి అతన్ని ఒక పెద్ద తెర ముందు కూర్చోబెట్టింది. తెర మీద గ్రంథాలయం వెబ్‌సైటు ఉంది. "మాటలతో చెబితే నేనే తికమకపడతాను. చూసేయండి" అని ఏదో నొక్కింది.

తెర మీద ఒక నీలం చుక్క పుట్టింది. పుట్టడమే పేజీ అడుగుకి జారింది. అక్కడ కాసేపు ఆగి, మెల్లగా పైకి రావడం మొదలుపెట్టింది.

అచ్యుతం చేతిలోని గొడుగు కింద పడింది.

కాంతామణి పేపరు ఎప్పుడూ చివరి పేజీ నుంచే చదివేది. "మొదటి పేజీలో అందరూ అరుచుకుంటూ ఉంటారండీ. చివర్న అయితే ప్రశాంతంగా ఉంటుంది" అనేది.

"ఆ చుక్క ఆవిడ చూపండి" అంది నస్రీన్ గొడుగు తీసి ఇస్తూ. "ఆరు వారాలు ఆవిడ కళ్ళు ఎక్కడ ఆగాయో, వేలు ఎక్కడ తడబడిందో, పైకి ఏమనుకున్నారో అన్నీ మిషన్ నేర్చుకుంది. ఇప్పుడు ఏ కొత్త పేజీ ఇచ్చినా ఆవిడైతే ఎలా వాడతారో అలాగే వాడి చూపిస్తుంది. ఇలాంటి ఛాయలు పద్నాలుగున్నాయి. ప్రతిసారీ మనుషుల్ని పిలవక్కర్లేకుండా రోజుకి వెయ్యి పరీక్షలు చేస్తాం."

"మాట్లాడుతుందా?"

"లేదండి. అప్పుడు ఆవిడ అన్న మాటలు మాత్రం కింద అక్షరాల్లో పడతాయి. ఇల్లూ, మనుషులూ, పేర్లూ ఇవేవీ దానికి తెలీవు. పేజీ ముందు కూర్చున్న మనిషి మాత్రమే అది."

నీలం చుక్కకి ఇచ్చిన పని చాలా తేలిక. నచ్చిన పుస్తకం వెతికి అరువు తీసుకోవాలి. చుక్క అక్కడికీ ఇక్కడికీ వెళ్ళి, చివరికి ఒక పుస్తకం దగ్గర ఆగింది. ఓడల మీద ఊళ్ళు తిరిగిన ఒక వంటవాడి ప్రయాణాలు, రెండో భాగం. ఆ తర్వాత ఇక ఎటు వెళ్ళాలో తెలియలేదు దానికి. బొమ్మ చుట్టూ తిరిగింది, కిందికి వెళ్ళింది, పైకి వచ్చింది. చీకట్లో అగ్గిపెట్టె కోసం తడుముకుంటున్నట్టు తిరుగుతూనే ఉంది. నాలుగు నిమిషాలయ్యాక తెర మీద ఎర్రటి అక్షరాలు పడ్డాయి: విఫలం. వాటి కింద ఆవిడ మాట: "బాగుందమ్మా. చాలా బాగుంది."

"చూశారు కదండీ" అన్నారు వెనక నుంచి ఒకాయన. ఆ పరీక్షశాల అధికారి ఇమ్మానుయేలు గారు. ముక్కు మీదికి జారిన కళ్ళజోడు, నెమ్మదైన గొంతు. "మిగతా పదముగ్గురూ నిమిషంలో ముగిస్తున్నారు. ఈవిడ ఒక్కరే ముగించరు. పైగా బాగుందంటారు. బాగుంటే ఎందుకు ముగించరు? ఎక్కడో మిషన్ తప్పు నేర్చుకుంది. చెడిపోయిన త్రాసుతో తూకం వేయలేం కదండీ."

"ఇది చెడిపోయింది కాదండి. మా ఆవిడ ఇలాగే ఉంటుంది."

ఇమ్మానుయేలు గారు పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "అచ్యుతం గారూ, మీ బాధ తెలుసు. కానీ ఇది ఆవిడ కాదండీ. ఆవిడ అలవాటు, అంతే."

"నలభై ఏళ్ళు నేను కాపురం చేసింది అలవాట్లతోనే కదండీ."

ఆయన జారిన కళ్ళజోడు పైకి తోసుకుని, "ఇది సరిగానే ఉందని నాకు చూపించండి, ఉంచేస్తాను. శుక్రవారం పన్నెండు దాకా టైముంది" అన్నారు.

నస్రీన్ మెట్ల దాకా వచ్చి, ఏడో పాఠకురాలి చూపు నడిచిన దారులు అచ్చువేసిన కాగితాలు అరవై దాకా అతని చేతిలో పెట్టింది.

అచ్యుతం ముప్ఫై రెండేళ్ళు ఓడరేవులో ఆటుపోట్లు నమోదు చేసిన మనిషి. గంటగంటకీ సముద్రం ఎంత లేచిందో, ఎంత దిగిందో కాగితం మీద గీతగా మారేది. కొత్తగా చేరిన వాళ్ళు అలల్ని చూసి బెదిరేవారు. అచ్యుతం వాళ్ళకి ఒకటే చెప్పేవాడు. "ఎగిరిపడేదాన్ని చూడకండి. నీరు ఎక్కడిదాకా వచ్చి ఆగిపోయిందో చూడండి. రోజూ ఒకేచోట ఆగుతోందంటే అక్కడ ఏదో అడ్డు ఉన్నట్టే."

ఆ సాయంత్రం భోజనాల బల్ల మీద కాగితాలు పరిచాడు. మొదటి ఇరవై చూసేసరికి కళ్ళు లాగాయి. లేచి అన్నం వార్చుకున్నాడు. పక్కింటి వాళ్ళు పంపిన దొండకాయ వేపుడు ఉంది. ఎవరూ అడగకుండానే వారానికి రెండుసార్లు ఆ గిన్నె వస్తుంది. ఖాళీ గిన్నె తిరిగిచ్చేటప్పుడు ఏం మాట్లాడాలో తెలియక అందులో నాలుగు జామకాయలు వేసి ఇస్తుంటాడు.

తిన్నాక కాగితాలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి, దీపానికి అడ్డంగా పట్టుకున్నాడు. అరవై దారులూ కలిసి ఒక పెద్ద మరకలా కనిపించాయి. ఎడమవైపు మరక అంచు దాకా ఉంది, పైనా కిందా కూడా. కుడివైపు మాత్రం పేజీకి ముప్పాతిక దాకా వచ్చి, సున్నం గీత గీసినట్టు ఆగిపోయింది. ఆ గీతకి అవతల కాగితం తెల్లగా ఉంది.

ఆ తెల్లటి జాగాలో, పైమూల, 'అరువు తీసుకోండి' అన్న మీట ఉంది.

అచ్యుతం కాగితాలు దింపి వంటింటి గుమ్మం వైపు చూశాడు. కుడి ద్వారబంధానికి భుజం ఎత్తున రంగు పోయి ఉంది. కాంతామణి లోపలికి వెళ్తూ అక్కడ రాసుకునేది. "గుమ్మం ఇరుకైందా, నువ్వు లావయ్యావా?" అని ఎన్నిసార్లు ఏడిపించాడో! మంచినీళ్ళ గ్లాసు కుడిపక్కన పెడితే చెయ్యి తగిలి పడిపోయేది. బజారుకి వెళ్తే ఎప్పుడూ అతన్ని తనకి కుడిపక్కనే నడవమనేది. ఎందుకని అడిగితే, "ఎండ అటునుంచి కొడుతోందండీ, నీడగా ఉంటారని" అనేది. ఎండ ఎటునుంచి కొట్టినా సరే, అదే మాట.

మర్నాడు జగన్నాథపురంలో మరదలు రాజామణి ఇంటికి వెళ్ళాడు. ఆవిడ డాబా మీద గుమ్మడి వడియాలు పెడుతోంది.

"బావగారికి మా ఇంటి దారి గుర్తుందన్నమాట! కాకి అరిచినప్పుడే అనుకున్నా, ఎవరో తిండిబోతు వస్తున్నారని."

"కాకులకి నేనంటే అసూయ. రాజీ, ఒక్కమాట అడుగుతాను, నిజం చెప్పు. మీ అక్కకి కుడివైపు కనిపించేది కాదా?"

వడియం పెడుతున్న చెయ్యి గుడ్డ మీదే ఆగిపోయింది. "ఎవరు చెప్పేరు?"

"తనే చెప్పింది. నిన్న."

రాజామణి అతని మొహంలోకి పరీక్షగా చూసింది. మనిషి బాగానే ఉన్నాడని నమ్మకం కలిగాక, చెయ్యి కడుక్కుని వచ్చి పిట్టగోడ నీడలో కూర్చుంది.

"లైబ్రరీకి వెళ్ళకముందు ఓసారి బజార్లో కళ్ళు తిరిగి పడబోయింది చూడండి, మీకు పైత్యం అని చెప్పాం. పైత్యం కాదు బావా. మెదడులో చిన్న నరమేదో పూడిపోయిందంట. రెండు కళ్ళకీ కుడివైపు సగం చూపు పోయింది. పోయింది ఇక రాదన్నారు డాక్టరు గారు. చదువుదామంటే తర్వాతి మాట కనిపించదు. వరస మధ్యలో తెగిపోతుంది."

"నాకెందుకు చెప్పలేదు?"

"తన నెత్తిన నా చెయ్యి పెట్టించి ఒట్టేయించుకుంది. చెబితే మీరేం చేద్దురు? కత్తిపీట దాచేద్దురు. పొయ్యి దగ్గరికి రానివ్వకపోదురు. గుమ్మం దాటాలంటే చెయ్యి పట్టుకుందురు. 'అందరికీ నేను రోగిష్టిదాన్ని అయిపోతే ఎలాగే? ఒక్క మనిషైనా నన్ను మామూలుగా తిడుతూ ఉండాలి కదా. ఆయన్ని ఉండనీ' అంది."

అచ్యుతం ఎండలో వరసగా ఉన్న వడియాల్ని చూస్తూ కూర్చున్నాడు. రాజామణి ఇచ్చిన మజ్జిగ తాగి, "బాగుంది" అన్నాడు. మెట్లు దిగుతుంటే ఆవిడ పైనుంచి కేకేసింది. "అందులో ఉప్పు వెయ్యడం మర్చిపోయాను బావా! మీరైనా చెప్పరేం?"

ఇంటికి వెళ్తుంటే బాధ మెల్లమెల్లగా తెలిసింది. దాచినందుకు కాదు. అది ఆవిడ హక్కు అనుకున్నాడు. బాధంతా సాయంత్రాల గురించి.

బజార్లో పడబోయిన ఆ రోజుల్లోనే కాంతామణి పుస్తకం తెచ్చి అతని ఒళ్ళో పెట్టడం మొదలుపెట్టింది. "మీరు చదివితే బాగుంటుందండీ, నేనే చదువుకుంటే ఇంత బాగుండదు." రెండున్నరేళ్ళు రోజూ గంటసేపు పైకి చదివాడు. ఓడరేవులో ఎవరూ మెచ్చుకోని తన గొంతులో ఏదో మహత్తు ఉందని లోలోపల నమ్మాడు. పాత్రలకి వేరువేరు గొంతులు కూడా పెట్టేవాడు. ఆ ఆరు శనివారాల్లోనే ఒకసారి, ఓడ వంటవాడి ప్రయాణాలు మొదటి భాగం అయిపోయినప్పుడు, ఆవిడే రెండోది తెస్తానని వెళ్ళి, ఉత్తచేతులతో వచ్చింది. "ఎవరో పట్టుకుపోయారంటండీ, ఎప్పుడొస్తుందో తెలీదంట" అంది.

అయితే తన గొంతు కాదన్నమాట ఆవిడకి కావలసింది. కళ్ళు కావాలి. ఆ కళ్ళు ఎవరివైనా సరిపోయేవి.

శుక్రవారం పదకొండింటికి అచ్యుతం పరీక్షశాలలో ఉన్నాడు. కాగితాల కట్ట బల్ల మీద పెట్టి, తను చూసిందీ, రాజామణి చెప్పిందీ పూస గుచ్చినట్టు చెప్పాడు.

ఇమ్మానుయేలు గారు కాగితాలు వెలుతురుకి ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశారు. "తల కాస్త తిప్పితే కనిపించేది కదండీ?"

"అక్కడ ఏదో ఉందని తెలిస్తే తిప్పేది. ఉందనే తెలియనిదాని కోసం ఎవరు వెతుకుతారండీ?"

"మరి ఆవిడ మాతో చెప్పొచ్చు కదా, మీట కనపడలేదని! ఆరు వారాలూ బాగుందనే అన్నారు."

అచ్యుతం నస్రీన్ వైపు చూశాడు. "ఈ అమ్మాయి ఎదురుగా కూర్చుని, కష్టపడి చేశానని చూపిస్తుంటే ఏమంటుందండీ? పెళ్ళివారింట పప్పులో ఉప్పు లేదని ఎవరంటారు? మొన్న నేను ఉప్పు లేని మజ్జిగ తాగి బాగుందన్నాను."

నస్రీన్ మొహం మాడింది. "పద్నాలుగు మందిలో తొమ్మిదిమంది మాటల్లో 'బాగుందమ్మా' అనే ఉంది సార్. నేను వాటన్నిటినీ మెప్పుల కింద రాసుకున్నాను." కాగితాల కట్ట వైపు చూసి అంది, "మీట కనపడక ఉత్తచేతులతో వెళ్ళిపోయిన వాళ్ళు బయట ఇంకెంతమంది ఉన్నారో!"

"ముందు ఈవిడ సంగతి తేల్చు" అన్నారు ఇమ్మానుయేలు గారు. "మీట ఎడమవైపుకి మార్చి పెట్టు."

ఆ పనికి పావుగంట పట్టింది. గోడ గడియారం పన్నెండుకి పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. తొలగింపు ఆజ్ఞ పక్క తెర మీద సంతకం కోసం ఎదురుచూస్తోంది.

నీలం చుక్క పుట్టింది. అడుగుకి జారింది. మెల్లగా పైకి వచ్చింది. ఓడ వంటవాడి రెండో భాగం దగ్గర ఆగింది. బొమ్మ చుట్టూ ఒకసారి తిరిగి, ఎడమవైపు వెళ్ళి, మీట మీద నిలబడింది. వేలు నొక్కినట్టు ఎర్రబడింది.

నలభై ఆరు సెకన్లు.

ఇమ్మానుయేలు గారు నమ్మక ఇంకో ఇరవైసార్లు పెట్టించారు. ఇరవైసార్లూ అదే జరిగింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, పక్క తెర మీది ఆజ్ఞని చెరిపేశారు. "త్రాసు సరిగానే ఉందండీ. మా సరుకే తరుగు" అన్నారు. "ఈవిడ మాతోనే ఉంటారు. ఇక ఏ పేజీ అయినా ముందు ఈవిడ చూశాకే జనంలోకి."

గెలిచాడు. అయినా అచ్యుతానికి కుర్చీలోంచి లేవబుద్ధి కాలేదు. ఆటుపోట్ల మనిషి కదా, ఆ ఇరవైసార్లలోనూ ఒక చిన్న సుడి అతనికి కనిపించింది.

"అమ్మా, పుస్తకం దగ్గరికి వెళ్ళే ముందు ఇంకెక్కడికో వెళ్ళి వస్తోంది చూడు. అదేంటి?"

"అదా బాబాయ్ గారూ? అది తప్పటడుగండి. మేం లెక్కలోకి తీసుకోం."

"ఒకసారి చూపించు తల్లీ."

నస్రీన్ ఈసారి శబ్దం కూడా పెట్టి మళ్ళీ నడిపించింది. చుక్క అడుగు నుంచి పైకి వస్తూ, ఎడమవైపున్న ఒక బొమ్మ మీద ఆగి నొక్కింది. వేరే పేజీ తెరుచుకుంది. వినే పుస్తకాలట. పేరున్న గొంతులు చదివి రికార్డు చేసినవి, వందల కొద్దీ ఉన్నాయి. ఓడ వంటవాడి ప్రయాణాలు రెండు భాగాలూ ఉన్నాయక్కడ. చుక్క రెండో భాగం మీద నొక్కింది. గదిలో ఒక గొంతు మోగింది. గంభీరమైన, తీర్చిదిద్దిన గొంతు. అచ్యుతం గొంతు దాని ముందు చిరిగిన డప్పు.

పదకొండు సెకన్లు విన్నది. ఆపేసింది. ఆ పేజీ మూసి వెనక్కి వచ్చి, కళ్ళతో చదువుకోవలసిన మామూలు పుస్తకాల్లోకి వెళ్ళింది.

"ప్రతిసారీ ఇంతేనా?"

"వెయ్యిసార్లు పెడితే వెయ్యిసార్లూ ఇంతేనండి. కాసేపు వినడం, కట్టేయడం, అచ్చు పుస్తకం దగ్గరికి వెళ్ళడం. చదవలేని మనిషి వినే పుస్తకం వదిలేసి అచ్చుది ఎందుకు తీసుకుంటారో..." నస్రీన్ మాట సగంలో ఆగింది. అచ్యుతం ఉత్తరీయంతో మొహం తుడుచుకుంటున్నాడు.

ఆ అమ్మాయి లేచి వెళ్ళి ఫ్యాను పెంచి వచ్చింది. తెర ముందు కూర్చుని ఏదో వెతికి, మెల్లగా అంది. "ఆంటీ గారి కార్డు ఇంకా ఉంది బాబాయ్ గారూ. ఎవరూ రద్దు చేయించలేదు."

"మనసొప్పలేదమ్మా."

"ఇన్నాళ్ళూ ఇవి ఉత్తుత్తి పరీక్షలండి. మీట నొక్కినా పుస్తకం కదలదు. ఈ ఒక్కసారికి నిజంగా వెళ్ళనివ్వమంటారా?"

అచ్యుతం ఇమ్మానుయేలు గారి వైపు చూశాడు. ఆయన కిటికీ లోంచి రోడ్డు మీద చెరకు బండిని ఎంతో శ్రద్ధగా చూస్తున్నారు. "నేనేమీ వినలేదండీ" అన్నారు అటే చూస్తూ.

నీలం చుక్క పుట్టింది. అడుగుకి జారింది. పైకి వచ్చి, గంభీరమైన గొంతు దగ్గర పదకొండు సెకన్లు ఆగి, కట్టేసి వచ్చింది. ఎడమవైపు మీట మీద ఎర్రబడింది. కింద అక్షరాలు పడ్డాయి: "బాగుందమ్మా."

అచ్యుతం మెట్లు దిగి కింద హాల్లోకి వచ్చి, కౌంటరుకి ఎదురుగా బెంచీ మీద కూర్చున్నాడు. కూర్చున్నాక గమనించాడు, తన ఎడమపక్కన ఒక మనిషి పట్టేంత జాగా వదిలేసి కూర్చున్నాడని. సర్దుకోలేదు. అలాగే ఉండనిచ్చాడు.

పది నిమిషాలకి కౌంటరులో ఆవిడ ఒక లావుపాటి పుస్తకం దుమ్ము దులిపి, చీటీ చూసి పిలిచింది.

"దంగేటి కాంతామణి గారూ!"

ఏడాదిన్నర అయింది ఆ పేరు పెట్టి ఎవరైనా గట్టిగా పిలిచి.

"ఆయ్, ఇక్కడేనండి" అని లేచాడు.

ఆవిడ చీటీనీ అతన్నీ మార్చి మార్చి చూసింది. "కాంతామణి గారంటే మీరేనాండి?"

"కాదండి. వినేది ఆవిడ" అన్నాడు అచ్యుతం, పుస్తకం రెండు చేతులతో అందుకుంటూ. "చదివేది నేను."